ఎవరి తప్పూ కాని జ్వరం

పోయిన మంగళవారం మా కళాశాల ల్యాబులో డిగ్రీ మొదటి సంవత్సరం అమ్మాయిలకు రక్తం గ్రూపు చూడటం నేర్పుతున్నాను. గది నిండా స్పిరిట్ వాసన. వేలు పొడిపించుకోవడానికి పావుగంట భయపడిన ఒక అమ్మాయి, చివరికి కళ్ళు మూసుకుని చేయి చాపి, తెల్లటి పింగాణీ పలక మీద తన రక్తం మూడు చుక్కలు పెట్టింది. మొదటి చుక్కలో నీలం మందు, రెండో దానిలో పసుపు మందు, మూడో దానిలో రంగులేని మందు వేసి, పుల్లలతో కలిపి, పలకను అటూ ఇటూ వంచింది. చూస్తుండగానే మూడో చుక్క, నిమ్మరసం పడిన పాలు విరిగినట్టు, ఎర్రటి రవ్వలు రవ్వలుగా ముద్దకట్టింది. "మేడమ్, ఇదేటో అయిపోతన్నాది," అంది ఆ అమ్మాయి పలకను కింద పెట్టేస్తూ. పన్నెండేళ్ళ కిందట శ్రీకాకుళంలో ఒక చిన్న క్లినిక్ వెనక గదిలో నేనూ సరిగ్గా ఈ మాటే అన్నాను. అప్పుడు నా ఎదురుగా నిలబడి, నాకంటే ఎక్కువ సంబరపడిపోయిన మనిషి డాక్టర్ పైడితల్లి గారు. ఆవిడ గురించి రాయాలని చాలాకాలంగా అనుకుంటున్నాను.

పైడితల్లి గారు పిల్లల డాక్టరు. గజపతినగరం దగ్గర ఒక రైతు కుటుంబంలో పుట్టి, ఆ ఊళ్ళ మాటనే చివరిదాకా మాట్లాడిన మనిషి. నేను ఆమె దగ్గర చేరేనాటికి ఆమెకు యాభై దాటాయి. పొట్టిగా, బొద్దుగా ఉండేవారు. తెల్ల కోటు వేసుకునేవారు కాదు. కోటు చూస్తే పిల్లలు సూది గుర్తొచ్చి ఏడుస్తారని. మాట రాని పిల్లలు, పిలిస్తే పలకని పిల్లలు, తమ లోకంలో తాము ఉండిపోయే పిల్లలు ఆమె దగ్గరకు ఎక్కువగా వచ్చేవారు. ఆటిజం అనే మాట అప్పటికి మా వైపు చాలామందికి కొత్త. నాకూ కొత్తే. మాది ఆమదాలవలస దగ్గర పల్లె. బి.జెడ్.సి.తో డిగ్రీ పూర్తిచేసి, ఏం చేయాలో తెలియక తిరుగుతున్న రోజులవి. క్లినిక్‌లో చీటీలు రాసే పని ఉందంటే వెళ్ళాను. ఆమె నా సర్టిఫికెట్లు చూడలేదు. "పిల్లలు ఏడిస్తే నీకు సిరాకొస్తాదా?" అని అడిగారు. రాదన్నాను. "జువాలజీ సదివినావు కదా, నీ రక్తం గ్రూపేటి?" అన్నారు. తెలియదన్నాను. మూడేళ్ళు జువాలజీ చదివి సొంత గ్రూపు తెలియకపోవడం ఆమెకు పెద్ద విడ్డూరంగా తోచింది. అప్పటికప్పుడు వెనక గదిలోకి తీసుకెళ్ళి వేలు పొడిచారు.

మా కాలేజీలో ఆ ప్రయోగం పుస్తకంలోని బొమ్మ చూసి రికార్డులో వేయడంతోనే ముగిసిపోయింది. నిజంగా చూడటం అదే మొదలు. చుక్క ముద్దకట్టగానే నేను కంగారుపడ్డాను. పైడితల్లి గారు నా భుజం పట్టుకుని పలక మీదకు వంచి, "సూడు, సూడు. పరీక్షల్లో రాసినావే యాంటీబాడీ అని, అదిగో, అదే. ఈ సీసాలో ఉన్నవి అవే. నీ రక్తకణాలని సేతులు సేతులు కలిపి కట్టేస్తన్నాయి," అన్నారు. ఆమె చెప్పులు ఎప్పుడు విడిచేశారో విడిచేశారు, ఉత్త కాళ్ళతో నిలబడి ఉన్నారు. ఉత్సాహం వస్తే ఆమెకు చెప్పులు కాలికి నిలవవని తర్వాత తెలిసింది. "ఇలాంటివే మీ అమ్మ నీకు పంపినాది, నువ్వు కడుపులో ఉన్నప్పుడు. మాయ దాటొచ్చి నీ ఒంట్లో కాపలా కాసినాయి. లేకపోతే పుట్టిన నెలకే ఏదో రోగానికి పోయుందువు." నేను ఆ ఎర్రటి రవ్వల్ని చూస్తూ ఉండిపోయాను. ఎన్నిసార్లు చదివిన పాఠమో అది. కానీ మా అమ్మ నా ఒంట్లో కాపలా కాసిందనే మాట ఏ పుస్తకంలోనూ లేదు. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళి మా అమ్మను ఊరికే కాసేపు చూశాను. ఏటలా సూస్తన్నావని ఆవిడ విసుక్కుంది.

క్లినిక్‌లో పైడితల్లి గారు కుర్చీలో కూర్చోవడం నేను తక్కువగా చూశాను. చాప మీద పిల్లల పక్కన కూర్చునేవారు. ఒక పిల్లవాడు సీసా మూత తిప్పుతుంటే ఆమె కూడా ఒక మూత తీసుకుని తిప్పేవారు. ఒక్కోసారి అరగంట గడిచాక వాడు ఆమె వైపు ఒక్క చూపు చూసేవాడు. ఆ చూపు కోసమే కూర్చున్నానన్నట్టు ఆమె ముఖం వెలిగిపోయేది. తల్లిని మాత్రం తన ఎదురుగా కూర్చోబెట్టుకునేవారు కాదు, పక్కన కూర్చోబెట్టుకునేవారు. ఊరేదైనా, కులమేదైనా, చదువుకున్నా చదువుకోకపోయినా, తల్లులందరూ కాసేపటికి ఒకే ప్రశ్న అడిగేవారు. నేనేం చేశాను? గ్రహణం నాడు బయటకు వచ్చాననీ, బొప్పాయి తిన్నాననీ, మెట్ల మీద జారాననీ, పెళ్ళిలో మైకు దగ్గర కూర్చున్నాననీ చెప్పుకునేవారు. తండ్రులు ఆ ప్రశ్న అడగడం నేను వినలేదు. పైడితల్లి గారు ప్రతి ఒక్కరికీ, మొదటిసారి చెబుతున్నట్టే, "నువ్వేటీ సేయనేదమ్మా," అని చెప్పేవారు. ఆ తర్వాతే మిగతా మాటలు.

అయితే ఆమె అంతటితో ఊరుకునే మనిషి కాదు. తల్లి తప్పు కాకపోతే మరి ఎందుకు ఇలా అవుతుందన్న ప్రశ్న ఆమెను నిలవనిచ్చేది కాదు. కొత్త పరిశోధనా పత్రాలు ఎక్కడెక్కడివో తెప్పించుకుని, ఆకుపచ్చ పెన్నుతో అంచుల్లో తెలుగులో రాసుకుంటూ చదివేవారు. ఒకరోజు మధ్యాహ్నం, బయట వాన పడుతోంది, రోగులెవరూ లేరు. లోపలి గదిలోంచి ఉత్త కాళ్ళతో వచ్చారు. గోడ మీది క్యాలెండరు కాగితం చింపి, వెనక్కి తిప్పి, నేల మీద పరిచి, ఒక గర్భసంచీ, అందులో బిడ్డ, మధ్యలో మాయ గీశారు.

"తల్లి యాంటీబాడీలు మాయ దాటతాయని సెప్పినాను కదా. మంచివే దాటతాయేటి? మాయకి మంచీ సెడ్డా తెలుస్తాదా?" అని అడిగారు.

"తెలుస్తుందేమో మేడమ్," అన్నాను.

"తెలీదు. ఎక్కినోళ్ళందరినీ దింపీసే బస్సు అది. టికెట్ సూస్తాది గానీ, లోపలికెళ్ళి ఏటి సేస్తావని అడగదు."

తర్వాత ఆమె చెప్పింది నేను ఆ కాగితం పక్కనే నేల మీద కూర్చుని విన్నాను. కొందరు తల్లుల రక్తంలో, బిడ్డ మెదడులో తయారవుతున్న ప్రొటీన్లనే పరాయివి అనుకునే యాంటీబాడీలు ఉంటాయట. పెద్దవాళ్ళ మెదడు చుట్టూ గట్టి కంచె ఉంటుంది. కడుపులో ఉన్న బిడ్డకు ఆ కంచె ఇంకా పూర్తిగా కట్టుకోదు. ఆ సమయంలో అవి లోపలికి వెళితే మెదడు అల్లికలో ఏదైనా మార్పు వస్తుందా, ఆటిజం ఉన్న పిల్లల్లో కొందరికి కారణం అదేనా అని శాస్త్రవేత్తలు వెతుకుతున్నారు. కడుపుతో ఉన్నప్పుడు పెద్ద జ్వరం వస్తే తల్లి ఒళ్ళు చేసే యుద్ధపు సంకేతాలు బిడ్డకు చేరతాయా అన్నది ఇంకో దారి. తల్లీ తండ్రీ ఇద్దరి నుంచీ వచ్చే జన్యువులు వీటన్నిటికంటే పెద్ద దారి. "ఇన్ని దారులున్నాయి, ఎవరికి ఏది ఎంతో తెలీదు," అంటూ కాగితం మీద పెన్నుతో కొట్టారు. "ఇది సగం కూడా తెలియని సంగతి సుజాతా. నువ్వూ నేనూ మాటాడుకుందాం గానీ, తల్లుల దగ్గర ఇంకా దీని పేరెత్తకు."

నేను తల ఊపాను. కానీ ఆ కాగితం మడిచి ఇంటికి తెచ్చుకున్నాను. తర్వాత చాలా రోజులు నాకు లోకమంతా యాంటీబాడీలే కనిపించాయి. బస్సులో గర్భిణి కనిపిస్తే ఆమె మాయ గుండా ఏం వెళుతోందో ఆలోచించేదాన్ని. అంతవరకూ చదువు నాకు పరీక్షల కోసం. ఇప్పుడు మాత్రం, ఎవరికీ తెలియని ఒక తలుపు దగ్గర చెవి పెట్టి వింటున్నట్టు ఉండేది. ఎవరికైనా చెప్పకపోతే ఉండలేననిపించేది. చెప్పేశాను కూడా.

ఎర్రమ్మ కళింగపట్నం నుంచి వచ్చేది. ఇరవై నాలుగేళ్ళుంటాయేమో. భర్త బోటు మీద వేటకు వెళ్తాడు. ఆమె, అత్తగారు దాలమ్మ, చేపలు ఎండబెట్టి అమ్ముతారు. నాలుగేళ్ళ కొడుకు గణేష్. వాడికి మాట రాలేదు. జేబు నిండా గవ్వలు తెచ్చుకుని, చాప మీద చిన్నదాని నుంచి పెద్దదాని దాకా వరస పెట్టేవాడు. వరసలో ఒక్కటి కదిలించినా ఒళ్ళు విరుచుకుని ఏడ్చేవాడు. వారానికి రెండుసార్లు తల్లి వాడిని చంకనేసుకుని గార మీదుగా వచ్చే బస్సులో వచ్చేది. ఆరునెలల్లో వాడు, గవ్వ కావాలంటే తల్లి ముఖంలోకి చూసి చేయి చాపడం నేర్చుకున్నాడు. ఆ రోజు ఎర్రమ్మ ఏడ్చింది, పైడితల్లి గారు మా అందరికీ టీ తెప్పించారు.

ఒక బుధవారం పైడితల్లి గారు శృంగవరపుకోటలో వైద్య శిబిరానికి వెళ్ళారు. పిల్లలతో ఆటలు ఆడించే పని నాకు అప్పగించారు. ఆ రోజు ఎర్రమ్మతో పాటు దాలమ్మ కూడా వచ్చింది. మాటల్లో ఎర్రమ్మ నన్ను అడిగింది. "ఎందుకమ్మా వీడికిలగైనాది? పుస్తకాల్లో ఏటి రాసినారు?" అది అందరూ అడిగేదే. దానికి మా క్లినిక్‌లో ఒకే జవాబు ఉందని నాకు తెలుసు. అయినా నా లోపల క్యాలెండరు కాగితం కదిలింది. "నువ్వు కడుపుతో ఉన్నప్పుడు గట్టి జ్వరమేదైనా వచ్చిందా?" అని అడిగాను. ఏడో నెలలో వానలో తడిసి చేపలమ్మడానికి వెళ్ళి, నాలుగు రోజులు కాలిపోయే జ్వరం వచ్చిందని చెప్పింది. నేను ఒక పెద్ద చిక్కుముడి విప్పినట్టు, "అయితే అదే అయ్యుంటుంది. తల్లి రక్తంలోంచి బిడ్డ మెదడుకు కొన్ని వెళ్తాయి," అన్నాను. ఇంకా ఏవేవో చెప్పాను. బొమ్మ కూడా గీశాననుకుంటాను. ఎర్రమ్మ ముఖం నాకు గుర్తులేదు, ఎందుకంటే నేను ఆమె వైపు చూడలేదు. దాలమ్మ మాత్రం, "వానలో ఎల్లొద్దని నాను సెప్పినాను," అనడం గుర్తుంది.

తర్వాత నెల రోజులు వాళ్ళు రాలేదు. కళింగపట్నం నుంచి వచ్చిన ఇంకో ఆవిడ చెబితే తెలిసింది. దాలమ్మ కోడలిని పుట్టింటికి పంపేసింది. బిడ్డను తన దగ్గరే ఉంచుకుంది. ఆమె రక్తంలోనే దోషముందని డాక్టరు దగ్గరి గుంటే, అంటే నేనే, చెప్పిందట. ఇంకో బిడ్డను కన్నా అలాగే పుడతాడని ఊరంతా అనుకుంటున్నారట. కొడుకు తల్లికి ఎదురు చెప్పలేక వేటకు పోతున్నాడట.

నేను పైడితల్లి గారి దగ్గరకు వెళ్ళి జరిగిందంతా చెప్పాను. తిడతారనుకున్నాను. ఆమె తిట్టలేదు. చాలాసేపు పెన్ను మూత పెట్టడం, తీయడం చేశారు.

"ఎందుకు సెప్పినావు?"

"ఆమె అడిగింది మేడమ్. నిజమే కదా అనుకున్నాను."

"ఆ పిల్ల అడిగింది తెలుసుకోడానికి కాదు. నా తప్పు కాదని ఎవరైనా అంటారేమోనని అడిగినాది. నువ్వు నీ సంబరం కొద్దీ జవాబు సెప్పినావు. అదీగాక, అదే అయ్యుంటాదని ఎవరు సెప్పినారు నీకు? నాకే తెలీదు. జ్వరాలొచ్చిన తల్లులు ఎంతమంది లేరు?" పెన్ను బల్ల మీద పెట్టి, "రేపు కళింగపట్నం ఎల్దాము. మాటాడేది నువ్వే," అన్నారు.

మర్నాడు ఉదయం బస్సు దిగి, ఇసుకలో నడిచి, చేపలు ఆరబెట్టే చోటికి వెళ్ళాం. దాలమ్మ వెదురు చీపురుతో నెత్తళ్ళు తిరగేస్తోంది. పక్కన ఏడెనిమిది మంది ఆడవాళ్ళు అదే పనిలో ఉన్నారు. గణేష్ కొంచెం దూరంలో, తిరగేసిన తెప్ప నీడన, గవ్వలు వరస పెడుతున్నాడు. వాడు మమ్మల్ని చూడలేదు. పైడితల్లి గారు వెళ్ళి వాడి పక్కన కూర్చుని తనూ ఒక గవ్వ తీశారు. ఇక నేను మాట్లాడక తప్పలేదు.

"పెద్దమ్మా, ఆ రోజు నేను చెప్పింది తప్పు. ఎర్రమ్మ జ్వరం వల్లే ఇలా అయిందని ఎవరూ చెప్పలేరు," అన్నాను.

దాలమ్మ చీపురు ఆపలేదు. "అప్పుడూ నువ్వే సెప్పినావు. ఇప్పుడూ నువ్వే కాదంతన్నావు. రేపొచ్చి ఇంకోటి సెప్తావు. మీ సదువులు ఇలగే ఉంతాయేటి?"

తెప్ప వైపు చూశాను. పైడితల్లి గారు తలెత్తలేదు. ఏం చెప్పాలో తోచక, "నువ్వు కడుపుతో ఉన్నప్పుడు నీకు జ్వరం రాలేదా పెద్దమ్మా?" అని అడిగాను.

దాలమ్మ ఆలోచించింది. "నా పెద్దోడు, ఈ గణేష్‌గాడి అయ్య, కడుపులో ఉన్నప్పుడు వొచ్చినాది. వారం రోజులు సలీజ్వరం."

"వాడికి మాట రాలేదా?"

"ఎందుకు రానేదు? బోటు మీద నోరిప్పితే ఒడ్డుకి వినబడతాది."

ఆడవాళ్ళు నవ్వారు. ఒకావిడ, తనకు మలేరియా వచ్చినప్పుడు కడుపులో ఉన్న గుంట ఇప్పుడు నర్సు ట్రైనింగులో ఉందని చెప్పింది. ఇంకొకావిడ, తనకు ఎనిమిదో నెలలో అమ్మవారు పోసిందనీ, కొడుకు ఐ.టి.ఐ. చదువుతున్నాడనీ చెప్పింది. నాకు రెండు జ్వరాలంటే నాకు మూడంటూ లెక్క పెట్టుకోవడం మొదలైంది. జ్వరాలొచ్చిన తల్లులు ఎంతమంది లేరని పైడితల్లి గారు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ ఇసుకలోనే కూర్చుని ఉంది.

దాలమ్మ మాత్రం అంత తేలిగ్గా లొంగలేదు. చీపురు మీద చేతులు ఆనించి సూటిగా అడిగింది. "ఎవల తప్పూ కాకపోతే ఇయన్నీ సదవడం ఎందుకు మరి?"

అంత మంచి ప్రశ్న నన్ను ఇప్పటిదాకా ఏ ప్రొఫెసరూ అడగలేదు. నేను నాకు తెలిసిన కథ ఒకటి చెప్పాను. అది పైడితల్లి గారు చెప్పిందే. కొందరు తల్లుల రక్తం నెగెటివ్ గ్రూపు. తండ్రిది పాజిటివ్ అయితే బిడ్డ కూడా పాజిటివ్ కావచ్చు. మొదటి కాన్పు సాధారణంగా బాగానే జరుగుతుంది. కాన్పులో బిడ్డ రక్తం కొంచెం తల్లిలో కలుస్తుంది, తల్లి ఒళ్ళు దాని మీద యాంటీబాడీలు తయారుచేసుకుంటుంది. అవి తర్వాతి బిడ్డల దగ్గరకు మాయ దాటి వెళ్ళి వాళ్ళ రక్తాన్ని విరిచేస్తాయి. "ఆ బిడ్డలు పుట్టగానే పచ్చబడిపోయేవాళ్ళు. తల్లినే తప్పు పట్టేవారు. ఎందుకో కనిపెట్టాక ఒక ఇంజెక్షను వచ్చింది. ఇప్పుడు అలాంటి తల్లులకు సమయానికి అది వేస్తే బిడ్డలు బతుకుతున్నారు. అందుకు చదవాలి పెద్దమ్మా," అన్నాను.

చీపురు ఇసుకలో పడిపోయింది. "ఎంత పచ్చగా?" అంది దాలమ్మ.

"బాగా పచ్చగా."

"కళ్ళు కూడానా?"

"కళ్ళు కూడా."

ఆమె ఉన్నచోటనే కూలబడింది. అప్పుడు పైడితల్లి గారు తెప్ప నీడలోంచి లేచి వచ్చి ఆమె పక్కన కూర్చున్నారు. "ఎంతమంది పోనారు దాలమ్మా?" అని మెల్లగా అడిగారు.

"ఇద్దరు. ఒకడు మూడో రోజు. గుంట అయిదో రోజు. పసుపు ముద్దల్లాగ అయిపోనారు." ఆమె ఎవరి వైపూ చూడకుండా చెప్పింది. "మా అత్త నన్ను పిల్లల్ని తినీసేదాన్నని అన్నాది. పదేళ్ళు ఏ ఇంటి పేరంటానికీ నన్ను పిలవనేదు." ఆ సంగతి అక్కడున్న ఆడవాళ్ళలో చిన్నవాళ్ళకు తెలియదని వాళ్ళ ముఖాలే చెప్పాయి.

సోమవారం మేము క్లినిక్ తలుపు తీసేసరికి దాలమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. వెంట కొడుకు, మనవడు. లోపలికి వచ్చి ఏమీ అడగకుండా వేలు చాపింది. పైడితల్లి గారు పలక నా చేతికిచ్చారు. ఆమె వేలి చర్మం ఎంత గట్టిపడి ఉందంటే రెండుసార్లు పొడవాల్సి వచ్చింది. రంగులేని మందు వేసి, కలిపి, పలకను వంచుతూ ఉన్నాను. చుక్క ముద్దకట్టలేదు. రెండు నిమిషాలు చూశాం. నున్నగా, పలచగా అలాగే ఉంది. పక్కనే ఆమె కొడుకు చుక్క పెడితే వెంటనే రవ్వలు కట్టింది. దాలమ్మ ఆ రెండు చుక్కల్నీ మార్చి మార్చి చూసింది.

"ముప్పై ఏళ్ళ కిందటి మాట. ఆ బిడ్డల్ని నేను సూడలేదు. ఖాయంగా అని అబద్ధం సెప్పను," అన్నారు పైడితల్లి గారు. "కానీ నీది నెగెటివ్. నీ కొడుకుది పాజిటివ్ అంటే మీ ఆయనది కూడా పాజిటివే. నువ్వు సెప్పింది సూస్తే అదే అయ్యుండాల."

"అయితే నాను తినీయనేదా?"

"నువ్వేటీ సేయనేదు. ఇంజెక్షను నీ దాకా రానేదు, అంతే."

దాలమ్మ ఏడవలేదు. కొంగుతో వేలు తుడుచుకుని, ఇంకోసారి పలక వైపు చూసి, కొడుకుతో, "ఆటో పిలు. అటు నుంచి అటే ఎర్రమ్మ కాడికి ఎల్దాము," అంది. కొడుకు లేచిన వేగం చూస్తే, ఆ మాట కోసం నెల నుంచీ కాచుకుని ఉన్నట్టుంది. గణేష్ గవ్వలు ఏరుకోవడానికి కొంత సమయం పట్టింది. తల్లీ కొడుకులిద్దరూ ఆగి, వాడు వరస ప్రకారం అన్నీ జేబులో వేసుకునేదాకా చూశారు.

వాళ్ళు వెళ్ళాక నేను వెనక గదిలోకి వెళ్ళి ఏడ్చానో నవ్వానో నాకే సరిగా తెలియదు. పైడితల్లి గారు ఉత్త కాళ్ళతో గుమ్మంలో నిలబడి, "నువ్వు ఇక్కడ సీటీలు రాస్తా కూకుంటే కుదరదు. ఎమ్మెస్సీ సెయ్యాల. తల్లికీ బిడ్డకీ మధ్య ఈ తలుపు నువ్వు తియ్యాల. నేను ముసలిదాన్నైపోతన్నాను," అన్నారు. దరఖాస్తు ఆమే తెప్పించారు. ప్రవేశ పరీక్షకు ఆమె స్కూటరు వెనక కూర్చునే వెళ్ళాను. దారి పొడుగునా ఆమె నన్ను ప్రశ్నలడుగుతూ, జవాబు వినడానికి వెనక్కి తిరిగి చూస్తుంటే, పరీక్ష దాకా బతికి చేరతానా అని భయమేసింది.

గణేష్‌కు ఇప్పుడు పదహారేళ్ళు. ఆటిజం వాడిని వదిలి ఎక్కడికీ పోలేదు. అది పోయేదీ కాదు, పోవలసినదీ కాదని వాళ్ళింట్లో అందరికీ తెలుసు. కొద్ది మాటలే మాట్లాడతాడు, వాటిలో సగం చేపల పేర్లు. బోటు ఒడ్డుకు రాగానే వలలోని చేపల్ని రకం వారీగా, సైజు వారీగా వేరు చేయడంలో కళింగపట్నంలో వాడిని మించినవాళ్ళు లేరంటారు. ఎర్రమ్మకు తర్వాత ఒక ఆడపిల్ల పుట్టింది. ఆ కాన్పుకు దాలమ్మే ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఊళ్ళో ఏ పిల్ల కడుపుతో ఉందని తెలిసినా ముందు రక్తం గ్రూపు రాయించుకున్నావా అని అడుగుతుందట. ఆమె అంటే ఆశా కార్యకర్తలకు కూడా కొంచెం భయమే.

నేను ఇప్పుడు విజయనగరంలో పాఠాలు చెబుతూ, మిగిలిన సమయంలో అదే తలుపు దగ్గర పని చేస్తున్నాను. తల్లుల రక్తంలోని యాంటీబాడీలు దేన్ని పట్టుకుంటాయో, దేన్ని వదిలేస్తాయో చూసే పని. ఉదయం ల్యాబు తాళం తీస్తుంటే ఇప్పటికీ చేతులు తొందరపడతాయి. కానీ ఏదైనా రాసేటప్పుడు మాత్రం నెమ్మదిస్తాను. రాసిన ప్రతి వాక్యాన్నీ ఒకసారి, కోడలు పక్కన కూర్చున్న అత్తగారి చెవిలో పడితే ఎలా ఉంటుందో అనుకుంటూ చదువుతాను. కొన్ని వాక్యాలు అక్కడే కొట్టేస్తాను. పోయిన నెల మా పక్కింటి అమ్మాయి, ఆరో నెల గర్భిణి, జ్వరంతో పడుకుని, ఫోనులో ఏదో వీడియో చూసి వణికిపోతూ నన్ను పిలిపించింది. వెళ్ళి ఆమె పక్కన మంచం మీద కూర్చున్నాను. ముందు నీ తప్పేమీ లేదన్నాను. తర్వాత, జ్వరాన్ని ఓర్చుకుంటూ పడుకోకుండా డాక్టరుకు చూపించుకుని తగ్గించుకోమన్నాను, ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను. శాస్త్రం గురించి దారిలో ఆమె అడిగినప్పుడు, అడిగినంతే చెప్పాను. జ్వరం వచ్చిన తల్లుల్లో చాలా చాలామందికి పుట్టే పిల్లల్లో ఆటిజం ఉండదని చెప్పాను. దిగేటప్పటికి ఆమె, యాంటీబాడీలు మాయను ఎలా దాటతాయని నన్ను ఎదురు ప్రశ్నలు వేస్తోంది.

పైడితల్లి గారు క్లినిక్ మూసేసి గజపతినగరం వెళ్ళిపోయారు. చెవులు సరిగా వినబడవు, కళ్ళు బాగానే ఉన్నాయి. ఆదివారం ఉదయం నేను ఫోను చేస్తాను, ఆమె స్పీకరు పెట్టుకుని వింటారు. ఏం కనిపెట్టావని ఆమె ఎప్పుడూ అడగరు. ఆమె అడిగేది ఒకటే. "ఈ వారం నీకేటి తెలీనేదు, సెప్పు."

మొన్న ఆదివారం ఒకటి చెప్పాను. ఒక తల్లి రక్తంలో బిడ్డ మెదడు ప్రొటీనును పట్టుకునే యాంటీబాడీ కనిపించింది. ఆమెకు ముగ్గురు పిల్లలు. ముగ్గురూ హాయిగా కబుర్లు చెబుతూ బడికి వెళ్తున్నారు. అది దాటిందా, దాటినా ఊరుకుందా, దాన్ని ఏదైనా ఆపిందా, నాకు తెలియలేదని చెప్పాను. అవతల కొంతసేపు మాట లేదు. వినబడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పబోయాను.

"వినబడినాది, వినబడినాది," అన్నారు ఆమె. "ఉండు. కాగితం తెచ్చుకోనీ."